ఏసీలో టకటక, గుడగుడ: గ్యాస్ తగ్గినట్టేనా?

రాజోలు దగ్గర కొత్త ఇంట్లో పెట్టించిన స్ప్లిట్ ఏసీ రాత్రిళ్లు టకటకమంటోందని, మధ్యమధ్య గుడగుడ వినిపిస్తోందని, వచ్చిన మెకానిక్ కాసేపు విని ‘గ్యాస్ తగ్గింది, నింపాలి’ అన్నాడని రాశారు. గది మాత్రం బాగానే చల్లబడుతోందని కూడా రాశారు. ఆ చివరి మాట వల్లే అంటున్నాను, గ్యాస్‌కు అప్పుడే డబ్బు ఇవ్వకండి. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. నిజంగా తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. అప్పుడు చల్లదనం తగ్గుతుంది, లోపలి కాయిల్ మీద గాని, బయటి సన్న రాగి గొట్టం మీద గాని మంచు పేరుకుంటుంది, గొట్టాలు కలిసే నట్టు దగ్గర నూనె జిడ్డు కనిపిస్తుంది. ఇవేవీ లేకుండా శబ్దం విని గ్యాస్ తగ్గిందని చెప్పడం నాకు నమ్మబుద్ధి కాదు.

మాది నర్సాపురం. సముద్రపు గాలికి, ఉక్కకు, కరెంటు ఆటలకు మా ఏసీలు చేయని చప్పుడు లేదు. అందుకే ఎవరైనా అడిగితే ఆ శబ్దం ఎప్పుడు వస్తోందని ముందు అడుగుతాను. వేసిన వెంటనేనా, ఆపిన తర్వాతా, కరెంటు పోయి వచ్చినప్పుడా?

మీ టకటక వేసిన కొద్దిసేపటిదాకా, ఆపిన తర్వాత కూడా వస్తుంటే అది లోపలి యూనిట్ ముందు ప్లాస్టిక్ మూతది. చల్లబడి ముడుచుకుంటుంది, వేడెక్కి సాగుతుంది. ఏసీ ఆపేసి వినండి. ఆపాక కూడా అప్పుడొకటి ఇప్పుడొకటి టక్కుమంటే ఇక దాని జోలికి పోనక్కరలేదు. బయటి యూనిట్‌లో గ్యాస్‌ను ఒత్తి తిప్పే యంత్రం, అంటే కంప్రెసర్, ఆగగానే ఒకటి రెండు నిమిషాలు వినిపించే బుస కూడా అలాంటిదే, గొట్టాల్లో ఒత్తిడి సర్దుకుంటున్నప్పుడు వస్తుంది.

గుడగుడకైతే ముందు నీళ్ల గొట్టం చూడండి. మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏసీ నీళ్లు బాగా వస్తాయి. మొక్కలకు పనికొస్తాయని చాలామంది గొట్టం చివర బకెట్‌లో పెడతారు. బకెట్ నిండి గొట్టం మూతి నీళ్లలో మునిగితే గాలి, నీరు ఒకదానికొకటి అడ్డం పడి గుడగుడమంటాయి. మా ఇంట్లో ఈ శబ్దం వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడే వచ్చేది. తలుపులు మూసి ఉంటే ఆ ఫ్యాను బయటి గాలిని ఏసీ గొట్టంలోంచి లాగుతుంది, లోపలి తొట్టిలో మిగిలిన నీళ్లలో బుడగలు లేస్తాయి. గొట్టం మూతి నీటికి జానెడు పైకి కట్టాను, ఫ్యాను వేసినప్పుడు ఒక కిటికీ కాస్త తీసి ఉంచుతున్నాం, శబ్దం పోయింది. గుడగుడతో పాటు గోడ మీదికి నీళ్లు కారుతుంటే గొట్టంలో పాచి పట్టి ఉంటుంది, ఊదించాలి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. తీరం దగ్గరి ఇళ్లలో నేను ఎక్కువగా చూసిన జబ్బు తుప్పు. మా పడకగదిలో మంచం తలవైపు గోడ రాత్రంతా సన్నగా హోరెత్తేది. కంప్రెసర్ పోతోందని ఒకాయన తేల్చేశాడు. తీరా చూస్తే బయటి యూనిట్ కూర్చున్న స్టాండు బోల్టు తుప్పు తిని సగం సన్నబడింది, దాని కింది రబ్బరు ఎండి రాయిలా గట్టిపడింది. కంప్రెసర్ అదురు నేరుగా గోడలోకి దిగేది. తుప్పు పట్టని స్టీలు బోల్టులు, కొత్త రబ్బర్లు వేయించాం, హోరు పోయింది. రాజోలుకు సముద్రం దూరం కాదు, ఏటా ఎండలు ముదిరేలోగా ఆ బోల్టులు ఒకసారి చూపించండి.

శబ్దం లోపలిదా బయటిదా తెలియకపోతే రిమోట్‌తో ఏసీని ఫ్యాను మోడ్‌లో పెట్టండి. అప్పుడు కంప్రెసర్ నడవదు. శబ్దం అలాగే ఉండి ఫ్యాను వేగంతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది లోపలి బ్లోయర్‌ది, అంటే గదిలోకి గాలి తోసే చక్రానిది. తడి దుమ్ము, బూజు ఒకవైపు పేరుకుని ఊగుతుంటుంది, నీళ్లతో గట్టిగా కడిగిస్తే సర్దుకుంటుంది. కీచుమంటే బేరింగు.

ఊరుకోకూడని శబ్దం ఒకటుంది. బయటి యూనిట్ కొన్ని క్షణాలు ‘గూఁ’ అని మూలిగి, టక్కుమని ఆగి, కాసేపటికి మళ్లీ అదే పని చేస్తుంది. కంప్రెసర్ లేవలేక కాపలా స్విచ్ పడిపోతోందని అర్థం. వోల్టేజీ చాలకపోవచ్చు, కంప్రెసర్ లేవడానికి ఊతమిచ్చే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. రోహిణి కార్తె రాత్రుల్లో ఊరంతా ఏసీలు వేసినప్పుడు ఇది మామూలే. వెంటనే మెయిన్ ఆపేయండి. మూత మాత్రం విప్పకండి, కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత నిల్వ ఉంటుంది. ఇనుము రాసుకుంటున్న శబ్దం వచ్చినా, కాలిన వాసన వచ్చినా ఇంతే. వానాకాలంలో బల్లి ఏసీలోని కరెంటు బోర్డు మీదికి చేరి మాడిపోవడం మా వీధిలో కొత్తేమీ కాదు. కరెంటు వచ్చాక ఏసీ మూడు నిమిషాల దాకా బయట పలకకపోతే మాత్రం కంగారు పడకండి, అది కంప్రెసర్ రక్షణ కోసం పెట్టిన విరామం. ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది) అయితే బయటి యూనిట్ గొంతు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, అదీ జబ్బు కాదు.

ఆ మెకానిక్ మళ్లీ వస్తే గేజి పెట్టి ఒత్తిడి చూపించమనండి. తక్కువగా ఉంటే కారే చోటు సబ్బు నురగతో చూపించి, అది బాగు చేసి, వాక్యూమ్ చేసి, అంటే గొట్టాల్లోని గాలి, తేమ పంపుతో లాగేసి, ఆ తర్వాతే గ్యాస్ తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములో బయటి యూనిట్ పట్టీ మీద ఉంటుంది. ఈలోగా ఆ రెండు శబ్దాలను ఫోనులో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, వింటాను. రికార్డు చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపండి, లేకపోతే దాని గాలే వినిపిస్తుంది.