ఉన్న కంపెనీలోనే వేరే టీమ్‌కి మారాలంటే పరిచయాలు పనికొస్తాయా? నాకు పెద్దగా ఎవరూ తెలియదు

పనికొస్తాయి. నేను అలాగే మారాను. నాకూ అప్పట్లో పెద్దవాళ్లెవరూ తెలియదు.

గచ్చిబౌలిలో ఒక సర్వీసెస్ కంపెనీలో మూడేళ్లు ప్రొడక్షన్ సపోర్ట్ చేశాను, అంటే క్లయింట్ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో సమస్యలొస్తే సరిచేసే పని. రాత్రి షిఫ్టులు, టికెట్లు (సమస్యల ఫిర్యాదులు), తెల్లవారుజామున మూడింటికి బ్యాచ్ జాబ్ (టైముకి దానంతటదే నడిచే ప్రోగ్రామ్) ఫెయిలైందని ఫోన్లు. డేటా ఇంజినీరింగ్‌లోకి (డేటాను పోగుచేసి రిపోర్టులకు సిద్ధం చేసే పని) వెళ్దామని ఇంటర్నల్ పోర్టల్‌లో ఏడుసార్లు అప్లై చేశాను. ఐదింటికి ఉలుకూ పలుకూ లేదు, రెండు క్లోజ్ అయిపోయాయి. చాలా పోస్టులు పోర్టల్‌లో పడేసరికే ఎవరిని తీసుకోవాలో లీడ్ మనసులో ఉంటుందని ఆ తర్వాతే తెలిసింది.

పగటి షిఫ్టు వారాల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆఫీసు బస్సులో వెళ్లేవాణ్ణి. ట్రాఫిక్ పుణ్యమా అని గంటన్నర ప్రయాణం. పక్క సీట్లో కూర్చునే మేడం మా క్లయింట్‌కే పనిచేసే డేటా టీమ్‌లో ఉండేవారు. ఒకరోజు "నెలాఖరు వస్తే చాలు, మా రిపోర్ట్ పడిపోతుంది, ఎందుకో అర్థం కాదు" అన్నారు. కారణం నాకు తెలుసు. వాళ్లకు ఫైల్ పంపే బ్యాచ్ జాబ్ మా వైపు ఆలస్యమయ్యేది. మూడు నెలల టికెట్లు తిరగేసి, ఏ రోజు ఎంత లేటైంది, ఎందుకైంది అని ఒక ఎక్సెల్ షీట్ చేసి పంపాను. (ఇద్దరిదీ ఒకే ప్రాజెక్టు కాబట్టి పంపాను. వేరే క్లయింట్ డేటా అయితే ఆ పని అస్సలు చేయకండి.)

రెండు నెలలకు వాళ్ల టీమ్‌లో ఒకతను పేపర్లు పెట్టాడు (రాజీనామా చేశాడు). వాళ్ల లీడ్ నుంచి మెసేజ్: "ఆ ఎక్సెల్ చేసింది నువ్వేనా?" ఇంటర్వ్యూ మామూలుగానే జరిగింది. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) విండో ఫంక్షన్లనే కాస్త కష్టమైన భాగం దగ్గర తడబడ్డాను. అయినా తీసుకున్నారు.

1973లోనే మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సోషియాలజిస్టు ఈ సంగతి రాశాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, ఎక్కువమందికి ఆ కబురు చెప్పింది ప్రాణస్నేహితులు కాదు, అప్పుడప్పుడూ కలిసేవాళ్లట. నిజమే కదా, రోజూ మనతో టీ తాగేవాళ్లకు తెలిసేది మనకూ ఎలాగూ తెలుస్తుంది.

కాబట్టి "మీ టీమ్‌లో ఖాళీలున్నాయా?" అని మొదలుపెట్టకండి. అలా అడిగితే హెచ్‌ఆర్‌ని అడగమంటారు. "అన్నా, మీ దగ్గర పని ఎలా నడుస్తుందో ఒక పావుగంట చెప్తారా?" అని అడగండి. తమ పని గురించి చెప్పమంటే కాదనేవాళ్లు తక్కువ.

నేను తప్పు చేసింది మా మేనేజర్ విషయంలో. సెలెక్ట్ అయ్యాక చెబుదామని ఆగాను. ఈలోగా ఎవరు ఏ ప్రాజెక్టులో ఉండాలో చూసే రిసోర్స్ టీమ్ నుంచి మెయిల్ ఆయనకు వెళ్లిపోయింది. "నాకొక్క మాట చెప్పాల్సింది" అన్నారు. అంతే, రీప్లేస్‌మెంట్ దొరకాలంటూ పాత టీమ్ నుంచి నా రిలీజ్ పది వారాలు ఆగింది. అవతలి లీడ్ "ఇక అప్లై చెయ్" అన్న రోజే మీ మేనేజర్‌కి ఎదురుగా కూర్చుని చెప్పేయండి. అంతకంటే ముందు మాత్రం వద్దు, అప్రైజల్ మీద పడొచ్చు.

ఇంకోటి, ఇలా మారితే జీతం పెరుగుతుందనుకోకండి. నాకు పైసా పెరగలేదు. పైగా నైట్ షిఫ్ట్ అలవెన్స్ పోయి, మొదటి నెల చేతికొచ్చింది తక్కువే. ఈఎంఐలు ఉంటే ఆ లెక్క ముందే వేసుకోండి.