పెట్రోలియం చదువుతానంటున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నోడా,

పెట్రోలియం ఇంజనీరింగులో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. సోలారూ విండూ వచ్చేస్తుంటే ఇప్పుడు ఆయిలేంటని అందరూ అడుగుతున్నారట. ఆయిల్ ఎప్పుడు అయిపోతుందోనని కాదురా, ధర ఎప్పుడు పడిపోతుందోనని భయపడు.

ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్ గట్టిగా చదువు. కాస్త కోడింగ్ నేర్చుకో. సముద్రంలోనూ బావులు తవ్వుతారు, ఈత రాకపోతే ఇప్పుడే మొదలుపెట్టు.

అసలు సంగతి ఇది. 2014 మధ్యలో బ్రెంట్ (ప్రపంచ ధరకి కొలబద్దగా చూసే ముడిచమురు) పీపా 110 డాలర్ల పైన ఉండేది. 2016 జనవరికి 30 లోపుకి జారింది. సోలార్ ప్యానెళ్లు చేసిన పని కాదది. అమెరికాలో షేల్ రాతి పొరల్లోంచి తీసే చమురు పొంగింది, చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ ఉత్పత్తికి కోత పెట్టనంది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు మే నెల సరుకు కాంట్రాక్టు పీపా మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది, అంటే అమ్మేవాడే ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నాడు. మంచి రోజుల్లో కుర్రాళ్లు చేసే తప్పు ఒకటే: రిగ్ (బావి తవ్వే యంత్రాల వేదిక) మీద రోజుకింత అని వచ్చే భత్యాన్ని జీతంలో కలిపేసుకుని ఇంటి అప్పు తీసుకోవడం. రిగ్ ఆగిన రోజే భత్యం ఆగుతుంది. ఈఎంఐ ఆగదు. ధర పడితే కంపెనీల కోత ముందు అన్వేషణ మీద, తర్వాత డ్రిల్లింగ్ మీద పడుతుంది. పారుతున్న బావిని చూసుకునేవాళ్ల జోలికి ఆఖరున వస్తారు. ఈఎంఐ మూల వేతనంలోనే ఇమడాలి. ఏడాది ఖర్చు విడిగా పోగయ్యేదాకా భత్యం ముట్టుకోకు. ఇంకో చిక్కు, ధర బాగున్నప్పుడు అందరూ ఎగబడి చేరతారు, నాలుగేళ్లకి పట్టా చేతికొచ్చేసరికి మార్కెట్ నేల మీద ఉండొచ్చు. జనం జంకుతున్నప్పుడు చేరడం అంత తెలివితక్కువ పనేం కాదు.

ఆయిల్లోనూ కొత్త ఇంధనాల్లోనూ పనికొచ్చే విద్య పట్టుకో: సిమెంటింగ్ (బావి గొట్టం చుట్టూ సిమెంటు నింపడం), కరోజన్ (తుప్పు), వెల్ ఇంటెగ్రిటీ (బావి లీకవకుండా చూడడం). జియోథర్మల్‌కీ, అంటే భూమి లోపలి వేడిని వాడుకునే బావులకీ, అదే రిగ్గు, అదే కేసింగు (బావిలో దింపే ఉక్కు గొట్టం). కాకపోతే 200 డిగ్రీలు దాటితే మామూలు రబ్బరు సీళ్లూ ఎలక్ట్రానిక్సూ నిలవవు, పగుళ్ల రాయి మడ్డుని (తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద ద్రవాన్ని) మింగేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ని భూమిలోకి పంపే బావుల్లో అది నీటితో కలిసి ఆమ్లమై ఉక్కునీ సిమెంటునీ తింటుంది. నార్వే స్లైప్నర్‌లో 1996 నుంచి ఆ పని జరుగుతోంది. ఆయిల్ తగ్గేకొద్దీ పాత బావులు మూసే పని పెరుగుతుంది. డెన్మార్క్ కంపెనీ డాంగ్ 2017లో చమురు వ్యాపారం అమ్మేసి, ఓర్‌స్టెడ్ అని పేరు మార్చుకుని ముఖ్యంగా సముద్రపు గాలిమరల మీద నిలబడింది. అలాగని ఉత్త రిజర్వాయర్ సిమ్యులేషన్ (భూమిలోని చమురు కదలికని కంప్యూటర్‌లో లెక్కగట్టడం) పట్టుకుని గాలిమరల దగ్గరికి వెళ్తే ఎవరూ పిలవరు.

నాకు నిద్రపట్టనివ్వనిది హెచ్‌టూఎస్, బావుల్లోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి వంద) దగ్గరికి వస్తే ముక్కే మొద్దుబారిపోతుంది. వాసన పోయిందని గ్యాస్ పోయిందనుకోకు. గ్యాస్ మానిటర్ మెడ దగ్గర పెట్టుకో, పనికి దిగేముందు బంప్ టెస్ట్ (కాస్త గ్యాస్ తగిలించి అలారం మోగుతుందో లేదో చూడడం) చెయ్యి. అలారం మోగితే గాలికి అడ్డంగా నడిచి, ఆపైన గాలి వచ్చే వైపుకి వెళ్లు. పక్కవాడు పడిపోయినా బ్రీతింగ్ సెట్ లేకుండా వాడి దగ్గరికి పరిగెత్తకు. అలా వెళ్లి పోయినవాళ్లు చాలామంది. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతుక్కోదు, సందుల్లోంచి గ్యాస్ వస్తుంది. ఫోటోల్లో చూశాను, ముచ్చటగానే ఉంది. రిగ్ ఎక్కేముందు మాత్రం తీసెయ్యాల్సిందే, మారాం చెయ్యకు.

మామయ్య