ఇంటర్వ్యూలో పీవోఈ లెక్క దగ్గర ఆగిపోయారా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. ఇప్పుడు సీసీఎన్‌ఏకి (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) చదువుతున్నాను. మొన్న ఒక ఇంటర్వ్యూలో ‘మొత్తం 370 వాట్ల పీవోఈ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్, అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే) స్విచ్‌కి 16 కెమెరాలు తగిలిస్తే 12 మాత్రమే ఆన్ అయ్యాయి, ఎందుకు?’ అని అడిగారు. కమాండ్లు గడగడా చెప్పాను గానీ కారణం చెప్పలేకపోయాను. పీవోఈకి విడిగా కోర్సు చేయాలా?

జవాబు: అక్కర్లేదు. సీసీఎన్‌ఏ సిలబస్‌లో ఇది చిన్న అంశం కాబట్టి చాలామంది పైపైన చదివి వదిలేస్తారు. ఉద్యోగంలో చేరాక మాత్రం ఐపీ ఫోన్లు, వైఫై యాక్సెస్ పాయింట్లు, కెమెరాలు చాలావరకు దీనిమీదే నడుస్తుంటాయి. మీరు తడబడింది నెట్‌వర్కింగ్‌లో కాదు, వాట్ల లెక్కలో. అది మీరు చదువుకున్న చదువే!

పరికరం తగిలించగానే స్విచ్ కరెంటు వదిలేయదు. ముందు తక్కువ వోల్టేజీ పంపి, అవతల సుమారు 25 కిలో ఓమ్‌ల నిరోధం ఉందో లేదో చూస్తుంది. ఉంటేనే అది పీవోఈ పరికరమని గుర్తిస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ తగిలించినా కాలిపోనిది అందుకే. ఆ తర్వాత పరికరం క్లాసు, అంటే దానికి గరిష్ఠంగా ఎంత కరెంటు కావాలో చెప్పే స్థాయి, తెలుసుకుని వాట్లు కేటాయిస్తుంది. 2003లో వచ్చిన ఏఎఫ్ అనే పీవోఈ ప్రమాణంలో పోర్టుకు గరిష్ఠంగా 15.4 వాట్లు, 2009 నాటి ఏటీలో 30, 2018 నాటి బీటీలో 90. మిమ్మల్ని అడిగిన కెమెరాలు క్లాస్ 4 అనుకోండి. తలా 30 చొప్పున పన్నెండింటికి 360 పోయాయి. పదమూడోదానికి మిగిలింది పదే. కెమెరా నిజానికి 12 వాట్లే వాడుతున్నా, క్లాసును బట్టి కేటాయించే స్విచ్ 30 పక్కన పెట్టేస్తుంది.

ఈ సంగతి తెలిస్తే సెట్టింగులు బట్టీ పట్టాల్సిన పని లేదు. సిస్కో స్విచ్‌లో ‘పవర్ ఇన్‌లైన్ ఆటో’ పెడితే పరికరం వచ్చాకే కేటాయింపు. ‘స్టాటిక్’ పెడితే ఏమీ తగిలించకపోయినా ఆ పోర్టు వాటా ముందే పక్కన పెట్టి ఉంటుంది. ‘నెవర్’ అంటే డేటా మాత్రమే. రెండువైపులా ఎల్‌ఎల్‌డీపీ (పక్కపక్క పరికరాలు తమ వివరాలు చెప్పుకునే ప్రోటోకాల్) ఉంటే పరికరమే తన అవసరం చెప్పుకుంటుంది, మిగులు మరొకరికి దక్కుతుంది.

పాతదైనా సరే, ఒక చిన్న పీవోఈ స్విచ్, ఒక ఐపీ ఫోన్ సంపాదించండి. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ ‘షో పవర్ ఇన్‌లైన్’ కొట్టి అంకెలు ఎలా కదిలాయో రాసుకోండి. సిమ్యులేటర్‌లో కమాండ్లు వస్తాయి గానీ ఈ పట్టు రాదు. ఈసారి అదే ప్రశ్న ఎదురైతే జవాబుకు ముందు ‘ఆ కెమెరాల క్లాసు ఎంతండీ?’ అని మీరే అడగండి.