హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి రెండో బిడ్డకూ వస్తుందా?

మొదటి బిడ్డకు హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి ఉందని తేలిందనీ, అది తల్లి వైపు నుంచే వచ్చిందని ఇంట్లో అంటున్నారనీ, రెండో బిడ్డ విషయంలో భయంగా ఉందనీ మీరు రాశారు. పేగు చివరి భాగంలో నాడీకణాలు లేకుండా పుట్టే ఈ వ్యాధే మా అబ్బాయికి కూడా.

పుట్టి రెండు రోజులు దాటినా వాడికి నల్లటి తొలి మలం రాలేదు. పొట్ట ఉబ్బి బిగిసిపోయింది, మూడో రోజు పచ్చగా వాంతి చేసుకున్నాడు. మలాశయం నుంచి ముక్క తీసి చేసిన బయాప్సీ నివేదికలో గ్యాంగ్లియన్ కణాలు, అంటే పేగు గోడలో ఉండాల్సిన ఆ నాడీకణాలు, కనిపించలేదన్న ఒకే వాక్యం ఉంది.

గర్భంలో సుమారు అయిదో వారం నుంచి పన్నెండో వారం వరకు, నాడీకణాలుగా మారవలసిన కణాలు పేగు పైభాగం నుంచి కిందికి సాగుతూ దాని గోడలో స్థిరపడతాయి. అవి చివరిదాకా చేరకపోతే ఆ మిగిలిన భాగం సడలదు, మలం దానికి పైనే నిలిచిపోతుంది. ఈ ప్రయాణాన్ని నడిపించే జన్యువుల్లో ముఖ్యమైనది పదో క్రోమోజోమ్ మీది ఆర్‌ఈటీ. వ్యాధితో దాని సంబంధం 1994లో తేలింది. అయితే జన్యువులో మార్పు ఉన్న ప్రతి ఒక్కరికీ వ్యాధి రాదు. మా ఇంట్లో పరీక్ష చేయిస్తే ఆ మార్పు తండ్రినైన నాలోనే కనిపించింది, నాకేమో ఏనాడూ మలబద్ధకం కూడా లేదు. అందుకే తల్లి మీద నింద వేయడం అన్యాయమని గట్టిగా చెబుతున్నాను.

సుమారు 5,000 జననాల్లో ఒకరికి వచ్చే ఈ వ్యాధి, తోబుట్టువులకు మళ్లీ వచ్చే అవకాశం మొత్తం మీద నూటికి నాలుగు వరకు ఉంటుంది. కానీ నాడీకణాలు లేని భాగం ఎంత పొడవుగా ఉంటే ఆ అవకాశం అంతగా పెరుగుతుంది కాబట్టి, శస్త్రచికిత్స నివేదికలో ఆ పొడవు ఎంత రాశారో ముందు చూడండి. పేగు మూసుకుపోయి పుట్టిన పిల్లల తల్లిదండ్రుల అనుభవాలు మీకు వర్తించవు. చిన్నపేగు మధ్యభాగంలో వచ్చే అలాంటి లోపం చాలావరకు గర్భంలో రక్తప్రసరణ ఆగడం వల్ల వచ్చేదే, వంశపారంపర్యం కాదు.

ఆర్‌ఈటీ పరీక్ష చేయిస్తే ఫలితాన్ని జెనెటిక్స్ నిపుణులకే చూపించండి, ఎందుకంటే అందులోని కొన్ని మార్పులకు థైరాయిడ్ క్యాన్సర్‌తోనూ సంబంధం ఉంది. గర్భంలో చేసే స్కానింగ్‌లో ఈ వ్యాధి సాధారణంగా కనబడదు కనుక, కాన్పుకు ముందే పిల్లల డాక్టరుకు మొదటి బిడ్డ సంగతి చెప్పి ఉంచండి. మేమూ అలాగే చెప్పాం. పాప పుట్టిన రాత్రి నర్సు గంట గంటకూ వచ్చి గుడ్డ విప్పి చూసింది, తెల్లవారుజామున నల్లటి మరక కనిపించగానే మమ్మల్ని నిద్ర లేపింది.