చమురు పడిన నేలలో మొక్కలు ఎందుకు చనిపోతాయి?

ప్రధానంగా ఊపిరాడక: చమురు మట్టి రేణువుల మధ్య ఖాళీలను పూడ్చేసి, వేర్లకు గాలీ నీరూ అందనివ్వదు. జిడ్డు పట్టిన మట్టిలో నీళ్లు పోసినా ఇంకవు. రెండో దెబ్బ పైకి కనబడదు. చమురును తినే సూక్ష్మజీవులు పెరిగి, నేలలో ఉన్న కాస్త నత్రజనినీ అవే లాగేసుకుంటాయి. బతికిన మొక్కల ఆకులు పసుపెక్కేది ఎక్కువగా అందుకే. పెట్రోలు, డీజిలు లాంటి పలుచనివైతే వేరు కణాల పొరలనే దెబ్బతీస్తాయి.

నైజీరియాలోని బోడోలో 2008లో పైపులైను లీకై ముడిచమురు చేరి మడచెట్లు పెద్దఎత్తున చచ్చిపోయాయి. బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు గనుక మడచెట్లు పైకి తేలిన వేర్ల మీది సన్నని రంధ్రాలతో గాలి పీలుస్తాయి. చమురు పూత పడితే ముందు మూసుకుపోయేవి అవే.

వాసన పోతే నేల బాగుపడినట్టేనన్నది అపోహ. ఆవిరయ్యేది తేలిక భాగమే, బరువైనది ఏళ్లపాటు ఉండిపోతుంది. సబ్బునీళ్లతో కడిగితే మరీ చేటు, చమురు లోతుకు దిగుతుంది. పొలంలో డీజిలు ఒలికితే తడిసిన మట్టిని వెంటనే తవ్వి తీసేయాలి. మిగిలిన చోట సూక్ష్మజీవులు చమురును తినేసేలా తేమ నిలిపి, తరచూ దున్ని, నత్రజని ఎరువు వేయాలి. సాధారణంగా చూసే లెక్క, చమురులోని కార్బన్ 100 పాళ్లకు నత్రజని 10, భాస్వరం 1.