తవ్వకం చూసిన కళ్లకు పిట్ట గుడ్లు కూడా కనబడతాయి

"పురావస్తు తవ్వకాలు జరిగే చోటికి పిల్లలను తీసుకెళ్లడం దండగ కదా, మ్యూజియం చూపిస్తే సరిపోదా?" అని ఒకరు నన్ను అడిగారు. సరిపోదు. మ్యూజియంలో దొరికిన వస్తువులుంటాయి. అవి ఏ లోతులో, దేని పక్కన, ఎలాంటి మట్టిలో దొరికాయన్నది తవ్విన గుంటలోనే తెలుస్తుంది. అసలు చరిత్రంతా అక్కడే ఉంది.

నేను చూసిన తవ్వకం నాగార్జునకొండ లోయలోది. మూడు పక్కలా నల్లమల కొండలు, నాలుగో పక్క కృష్ణ. ఒకప్పుడు ఆంధ్రదేశాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. 1926లో అక్కడి శిథిలాలు బయటపడ్డాయి. నాగార్జునసాగర్ డ్యామ్ కడితే లోయ మునుగుతుందని తేలాక 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖకు చెందిన ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పెద్దఎత్తున తవ్వారు. మా మేనమామ ఆ పనికి కూలికి పోయేవాడు. సంక్రాంతి సెలవుల్లో ఆ లోయలోని పుల్లారెడ్డిగూడెం వెళ్లినప్పుడు నన్నూ వెంట తీసుకెళ్లేవాడు.

మేకులు పాతి, తాళ్లు కట్టి, చదరాలుగా గీసిన నేల. చదరానికీ చదరానికీ మధ్య గట్టు వదిలేవారు, ఒక్కో కాలపు మట్టి పొర దాని పక్కల్లో కనబడేలా. దాని మీద కాలు పెడితే మామ ఊరుకునేవాడు కాదు. "ఒరే, అది తొక్కితే పొరలన్నీ కలిసిపోతాయిరా" అనేవాడు. ఒకరోజు గుంట అడుగున మట్టి మీద నీళ్లు చిలకరించి, "ఏం కనబడుతోంది?" అని అడిగాడు. నాకు మట్టే కనబడింది. ఇంకాసేపు చూడమన్నాడు. అప్పుడు కనబడింది, ఎర్రమట్టి మధ్యలో నల్లగా, గుండ్రంగా ఒక మచ్చ. ఎప్పుడో ఎవరో అక్కడ గొయ్యి తీసి, మళ్లీ పూడ్చారట. పూడ్చిన మట్టి ఎన్ని వందల ఏళ్లయినా చుట్టూ ఉన్న మట్టిలో కలవదు, కాస్త వదులుగా ఉంటుంది, రంగు తేడా చూపిస్తుంది. కత్తి మొనతో ఆ అంచు గీసి, ఆ మచ్చ మేరకే తవ్వుతూ పోయాడు. బూడిద, కుండపెంకులు, కాలిన ఎముక ముక్కలు వచ్చాయి. ఎవరి వంటింటి చెత్తో అది! బడిలో రాజుల పేర్లు ఎన్ని వల్లించినా కలగని నమ్మకం ఆ బూడిద చూస్తే కలిగింది. ఇక్కడ మనుషులు బతికారు.

ఆ గుంట ఇప్పుడు సాగర్ నీళ్ల అడుగున ఉంది. కొన్ని కట్టడాలను ఊడదీసి నాగార్జునకొండ మీదా, సాగర్ ఒడ్డున ఉన్న అనుపులోనూ మళ్లీ కట్టారు. అనుపులో మెట్లు మెట్లుగా ఉన్న రంగస్థలంలో చప్పట్లు కొట్టి, ఫోటోలు దిగి వెళ్లిపోతారు జనం. ఇది లోయలో ఎక్కడ ఉండేదని ఎవరూ అడగరు. నాకు బాధ కలిగించేది అదే.

నిరుడు వేసవిలో మనవరాలితో అక్కడ నీటి అంచున నడిచాను. నీళ్లు బాగా వెనక్కి పోయి, రాళ్లు తేలాయి. నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. నలుపు తెలుపు లకుముకిపిట్ట గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, నిట్టనిలువునా నీళ్లలోకి దూకింది. ఇంతలో తీతువు పిట్ట ఒకటి నెత్తి మీద తిరుగుతూ గగ్గోలు పెట్టింది. ఆగమన్నాను. గుడ్లు దగ్గరలోనే ఉండాలి. పాపకు గులకరాళ్లే కనబడ్డాయి. "ఇంకాసేపు చూడమ్మా" అన్నాను. చూసింది, చూసింది, చివరికి వేలు పెట్టి చూపించింది. మచ్చల మచ్చల గుడ్లు నాలుగు, మొనలు లోపలికి పెట్టుకుని, మా కాళ్లకు రెండడుగుల దూరంలో ఉన్నాయి! రాళ్లలో ఒక్క తేడాను పట్టుకోవడం నాకు ఆ గుంట దగ్గరే అలవాటైంది. తవ్వకం చూసి పెరిగిన పిల్లలు పిట్టల్నీ పురుగుల్నీ మిగతావాళ్లకంటే బాగా చూస్తారు. ఇందులో నాకు సందేహమే లేదు.

కాస్త అవతల పిక్నిక్‌కు వచ్చినవాళ్లు పెద్ద స్పీకర్లు పెట్టారు. తీతువు ఎండలో పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనుషుల గోలకు అది గూటికి రాలేకపోతే ఆ గుడ్లు మాడిపోతాయి. దయచేసి నీటి ఒడ్డున పాటలు పెట్టకండి.

తవ్వకం జరిగే ప్రతిచోటా రోజుకు ఒక గంట జనాన్ని రానివ్వాలి, తెలుగులో వివరించాలి. అక్కడ పనిచేసే కూలీల చేతే చెప్పిస్తే ఇంకా మంచిది. మీ దగ్గర్లో ఎక్కడైనా జరుగుతుంటే అనుమతి అడిగి పిల్లలను తీసుకెళ్లండి. పొద్దున్నే వెళ్లండి, తడి ఆరకముందు మట్టి రంగులు బాగా తెలుస్తాయి. "ఏం దొరికింది?" అని అడిగితే విగ్రహమో నాణెమో చూపించి పంపేస్తారు. "ఇక్కడ పొర మారిందని మీకెలా తెలిసింది?" అని అడగమని పిల్లలకు చెప్పండి.