ఓవర్సీస్ విద్యానిధికి అప్లై చేయండి, దాన్నే నమ్ముకుని మాత్రం బయల్దేరకండి

"మాది బీసీ కుటుంబం. తెలంగాణ ప్రభుత్వం విదేశీ చదువుకి 20 లక్షలు ఇస్తుందంటున్నారు. ఆ డబ్బుతోనే అమెరికాలో ఎమ్మెస్ చేసేయొచ్చా?" అని ఒకరు అడిగారు.

చేయలేరండి. అప్లై మాత్రం తప్పకుండా చేయండి. మీరు విన్న పథకమే, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి. నేను కూడా దాని సాయంతో చదువు పూర్తి చేశాను. కానీ ఆ డబ్బు వచ్చేది మీరు అక్కడ దిగాక. ఐ-94 (అమెరికాలో దిగినట్టు చూపే రికార్డు) లాంటి కాగితాలు పంపితే 10 లక్షలు, మొదటి సెమిస్టర్ మార్కులు చూపిస్తే మిగతా 10 లక్షలు. అసలు వీసాకి కావాల్సిన ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) చేతికి రావాలంటేనే మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా బ్యాంకు బ్యాలెన్సో, లోన్ శాంక్షన్ లెటరో చూపించాలి. ఆ సమయానికి విద్యానిధి నుంచి రూపాయి కూడా రాదు.

ప్రభుత్వం డబ్బు ఆలస్యమైతే ఏమవుతుందో నాకు బీటెక్ అయిపోయినప్పుడే తెలిసింది. మా నాన్న సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు. నాకు ఎంసెట్‌లో 10 వేలు దాటిన ర్యాంకు. అందుకని ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35 వేలే, మిగతాది నాన్నే కట్టేవాడు. అమెరికాకి అప్లై చేద్దామని ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం వెళ్తే కాలేజీ అకౌంట్స్ కిటికీ దగ్గర క్లర్కు ఒకటే మాట: "గవర్నమెంట్ నుంచి రెండేళ్ల ఆర్‌టీఎఫ్, అదే ఫీజు రీయింబర్స్‌మెంట్, రాలేదమ్మా. ఆ 70 వేలు మీరు కట్టండి, వచ్చాక మీకు తిరిగిచ్చేస్తాం." మా వెనక లైన్లో ఉన్న ఆడపిల్లలందరిదీ అదే పరిస్థితి. నాన్న "సార్, సార్" అని చేతులు జోడించాడు. ఆయన వయసులో సగం లేని ఆ మనిషి రిజిస్టర్ మీంచి తల కూడా ఎత్తలేదు.

నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాం. తర్వాత ప్రభుత్వం డబ్బు వేసింది, కాలేజీ తిరిగిచ్చింది కూడా. వడ్డీ ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. బకాయిలు విడుదల చేశామని ప్రకటన వచ్చిన ప్రతిసారీ నాకు ఆ వడ్డీయే గుర్తొస్తుంది.

విద్యానిధి కూడా ఇలాగే నడుస్తోంది. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి లోన్ తెచ్చుకోగలిగినవాడే ఫ్లైట్ ఎక్కుతాడు, ఆ తర్వాతే సాయం అందుతుంది. ఏ ఆస్తీ లేని ఇంటి పిల్లలు సెలెక్షన్ జాబితాలో పేరున్నా ఇక్కడే ఆగిపోతున్నారు. వీసా స్టాంప్ పడగానే మొదటి విడత నేరుగా యూనివర్సిటీకి పంపితే సగం కష్టం తీరుతుంది. ఇంకొకటి, 2016లో బీసీలకి ఈ పథకం పెట్టినప్పుడు డాలర్ 67 రూపాయల దగ్గర ఉండేది. ఇప్పుడు 85 దాటింది. సాయం అదే 20 లక్షలు, ఆదాయ పరిమితి అదే 5 లక్షలు. దీని గురించి అసెంబ్లీలో గట్టిగా మాట్లాడేవాళ్లే లేరు.

ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్)లో విద్యానిధి ఫారం నింపడానికి కన్సల్టెన్సీలకి వేలకి వేలు ఇవ్వకండి, అది మీరే చేసుకోగలరు. లోన్ పని ఇప్పుడే మొదలుపెట్టండి. ఒరిజినల్స్ ఇంకా కాలేజీలోనే ఉంటే ముందు అవి తెచ్చుకోండి. బకాయి ఉందని ఆపితే రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఫీజు కోసం సర్టిఫికెట్లు ఆపే హక్కు కాలేజీలకి లేదని కోర్టులు పలుమార్లు చెప్పాయి.